ఆరు నుంచి తొమ్మిది వరకు

నేను పనిచేసిన తమిళ దినపత్రిక నన్ను మదురై డెస్కు నుంచి కోయంబత్తూరుకు సీనియర్ రిపోర్టరుగా మార్చిన రెండో ఏడాది, ఒక జూన్ నెలలో, పంపుసెట్ల వీధిలో ఉచిత వైద్యశాల ప్రారంభానికి వెళ్లాను. ఆ వీధి నిండా పట్టరైలే. పట్టరై అంటే మా వైపు చిన్న వర్క్‌షాపు. పనివాళ్లు అయిదారుగురే కాబట్టి కార్మిక బీమా వర్తించదు. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ పొద్దున్నే తీసుకోవాలి. ఒక పూట పని మానితే మర్నాడు ఆ మర దగ్గర వేరే మనిషి ఉంటాడు. ఈ ఇబ్బంది తీర్చడానికి మన తెలుగువాళ్ల ట్రస్టు పూనుకుంది. ట్రస్టీలందరూ పట్టరైల యజమానులే.

వేదిక మీద వాళ్లు, కింద వాళ్ల కుటుంబాలు. కార్మికులెవరూ లేరు, పనిరోజు కదా. డాక్టరు రిటైరైన పెద్దాయన. లాంఛనంగా ట్రస్టు అధ్యక్షుడు గోవిందసామి నాయుడుగారికి రక్తపోటు చూసి, బాగుందన్నారు. సభ చప్పట్లు కొట్టింది.

ఇలాంటి సభల వార్తకు నిర్వాహకులు ప్రెస్‌నోటు ఇస్తారు. అందులోంచి పేర్లు, వేళలు తీసుకుని ఫోన్లోనే రాసి డెస్కుకు పంపుతాం. ఆ నోటులో రెండు వేళలున్నాయి: వైద్యశాల పది నుంచి నాలుగు, ఆ రోజు దాతలకు విందు ఆరు నుంచి తొమ్మిది. నేను విందు వేళను వైద్యశాలకు తగిలించాను. డెస్కులో ఎవరికీ అనుమానం రాలేదు. పనివాళ్ల ఆసుపత్రి సాయంత్రం తెరుస్తారంటే ఎవరికి మాత్రం తప్పనిపిస్తుంది?

మర్నాడు సాయంత్రం నాయుడుగారు ఫోన్ చేసి రమ్మన్నారు. మూసిన గేటు ముందు ఇరవైమంది దాకా నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు రంగమ్మ, పోతపనికి ఇసుక అచ్చులు చేసే మనిషి. చక్కెర జబ్బు. కాలి పుండుకు గుడ్డ చుట్టుకుని ఉంది.

"డాక్టరు నాలుక్కే పోయినాడమ్మా. రేపు పదికి రా," అంటున్నాడు వాచ్‌మన్.

"పదికి వచ్చేదానికి నేనేమి కలెక్టరమ్మనా? పట్టరై విడిచేది ఐదున్నరకు. పేపర్లో ఆరని గదా వేసి ఉండారు?"

లోపల నా వార్త అప్పటికే అద్దం బిగించుకుని దేవుడి పటం పక్కన వేలాడుతోంది. తప్పు నాదేనని ఒప్పుకుని, మర్నాడు సవరణ వేస్తామన్నాను. సవరణ అదే పేజీలో రావాలి, రిపోర్టరు సంజాయిషీ ఫైలుకెక్కాలి. అది మా నియమం. ఆ సవరణ వస్తే రంగమ్మ పుండుకు మళ్లీ పసుపే గతి.

"దాంట్లో నా ఫోటో వస్తుందా?" అన్నారు నాయుడుగారు.

"రాదు, అన్నా. రెండు వాక్యాలే."

"అట్లయితే ఈ ఫ్రేములో ఉండేది అబద్ధమని నేనే చెప్పుకోవాలనా? మదురై, బోడి ఊళ్లలో ఉండే చుట్టాలకంతా వాట్సాప్‌లో పంపేసినాను గదప్పా."

ఫ్రేము వైపు ఒకసారి చూసి, ఇకనుంచి పేపర్లో వేసిన వేళకే రమ్మని డాక్టరుకు ఫోన్ చేశారు. డాక్టరు అభ్యంతరం చెప్పలేదు. పది నుంచి నాలుగు దాకా ఆయన చూసిన రోగి ఒక్కడే, వాచ్‌మన్. మిగతా సమయమంతా గళ్లనుడికట్టు నింపారట. అరగంటలో తిరిగి వచ్చారు. మొదట రంగమ్మనే కూర్చోబెట్టి, పుండు కడిగి, ఇంకొన్నాళ్లు ఆగుంటే వేలు తీసేయాల్సి వచ్చేదన్నారు.

మర్నాడు నా తప్పు సంగతి చెప్పగానే ఎడిటరు వైద్యశాల వేళలేమిటని అడిగారు. ఆరు నుంచి తొమ్మిది అన్నాను. వార్తలో ఏముందన్నారు. అదే ఉందన్నాను. అయితే సవరణకు వీల్లేదన్నారు; సంజాయిషీ మాత్రం రాయించుకున్నారు. అజాగ్రత్త కింద అది నా ఫైల్లో ఉంది.

అంతకు ముందటి ఏడాది, ఆ వీధికి సాయంత్రపు వైద్యశాల అవసరమని రెండు వ్యాసాలు జాగ్రత్తగా, తప్పుల్లేకుండా రాశాను. ట్రస్టు అభినందన లేఖ పంపింది.

తర్వాత నా చేతికొచ్చిన ప్రతి ప్రెస్‌నోటులోనూ "అందరూ వినియోగించుకోవచ్చు" అన్న వాక్యం వదిలేసి ముందు వేళలు చూసేవాణ్ని. ఎవరి కోసం తెరిచారో ఆ ఒక్క పంక్తిలో తెలిసిపోతుంది.