గొళ్ళెం పడింది, చూసినా

మనిషి గుర్రం మీద కూర్చోవడం మామూలు. నా మీద ఒక గుర్రం కూర్చుని ఉంది. కాలేజీ రోజుల నుంచి మోస్తున్నాను. దిగడం లేదు.

చూశారా, మొదట్లోనే జోకు వేశాను. భయం పుడితే నాకు వచ్చే జబ్బు ఇది. ఈ రాత ముగిసేలోపు ఒక్క మాటైనా జోకు లేకుండా చెప్పాలి. అందుకే మీకు రాస్తున్నాను. నేనెవరో మీకు తెలియదు. నా మొహం చూడగానే నవ్వే అలవాటు మీకు లేదు.

బేతమంగళ దాటాక ఒక గుర్రాల ఫారం ఉంది. పందేలకు పనికిరానివి, పెళ్ళి ఊరేగింపుల్లో కాళ్ళు అరిగినవి, రోడ్డు మీద వదిలేసినవి అక్కడికి చేరతాయి. ఆదివారాలు కాలేజీ పిల్లలకు తరగతులు పెట్టేవారు. గుర్రాన్ని తోమడం, గిట్టలు శుభ్రం చేయడం, చెవులను బట్టి దాని మనసు కనుక్కోవడం. నేను సర్టిఫికెట్ కోసం చేరాను. సుకన్య పశువుల డాక్టరు కావాలని చేరింది. మా ఇద్దరినీ జతగా వేసి ఒక ముసలి రేసు గుర్రాన్ని అప్పగించారు. ఎవరొచ్చినా తలెత్తి చూడదని దానికి కలెక్టర్ అని పేరు పెట్టింది నేనే.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. దాణా గది తలుపు వేసినవాళ్ళు 'గొళ్ళెం పడింది' అని అరవాలి. జతలో రెండోవాళ్ళు దగ్గరికెళ్ళి, కళ్ళారా చూసి, 'చూసినా', అంటే చూశానని, తిరిగి అరవాలి. గుర్రానికి దాణా దొరికితే ఆగదు, ఎక్కువ తిన్నా కక్కుకోవడం దానికి చేతకాదు. అందుకే అంత హంగామా. గొళ్ళెం ఎప్పుడూ సుకన్యే వేసేది. నేను బస్సు వైపు నడుస్తూ, ఒకవారం రైల్వే స్టేషన్ గొంతుతో, ఒకవారం సంతలో వంకాయలమ్మే గొంతుతో 'చూసినా' అని అరిచేవాణ్ణి. అందరూ నవ్వేవారు. నేను చూసేవాణ్ణి కాదు.

పిల్లలు నేర్చుకున్నది ఇంట్లోవాళ్ళకు చూపించే రోజు దగ్గరపడింది. కలెక్టర్ సుకన్య పిలిస్తే వచ్చేది, నేను పిలిస్తే తోక చూపించేది. మా ఇంట్లో ఆవులు. మాకు తెలిసిన ప్రేమ ఒక్కటే, తవుడు. ఆవు అలిగితే తవుడు. మాట వినకపోతే ఇంకాస్త తవుడు. ఒక ఆదివారం సాయంత్రం సుకన్య గొళ్ళెం వేసి అరిచింది. నేనూ అరిచాను. ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే వెనక్కి వచ్చి, గొళ్ళెం తీసి, దోసెడు ఉలవలు తెచ్చి కలెక్టర్‌కు పెట్టాను. తిన్నది. మొట్టమొదటిసారి నా భుజం మీద మూతి ఆనించింది. అంతలో బస్సు హారన్. పరుగెత్తాను. తలుపు దగ్గరకు తోశానేమో, గుర్తు లేదు. గొళ్ళెం మాత్రం వేయలేదు. అది బాగా గుర్తుంది.

ముసలిదని కలెక్టర్‌ను కట్టేసేవారు కాదు. తెల్లారేసరికి ఉలవల మూట ఖాళీ, గుర్రం నేల మీద పొర్లుతోంది. ఫారం నడిపే మేడమ్ మా ఇద్దరినీ పిలిపించారు.

"గొళ్ళెం ఎవరమ్మా వేసింది?"

"నేనే మేడమ్" అంది సుకన్య.

"చూసిందెవరు?"

"నేను" అన్నాను.

"నిజంగా చూసినావా అప్పా, ఊరికే అరిచినావా?"

"ఊరికే అరిచినా మేడమ్. చూళ్ళేదు."

మేడమ్ నిట్టూర్చారు. "పోనీ, వీడన్నా ఉన్నది ఉన్నట్టు చెప్పినాడు."

సుకన్య తన అరచేతిని తిప్పి చూసుకుంది. "వేసినా అనుకున్నా మేడమ్. సరిగా పడలేదేమో. ఇంగ నా చేతి మీద నాకే నమ్మకం లేదు."

అప్పుడైనా నోరు తెరవొచ్చు కదా? తెరవలేదు. చిన్న తప్పు ఒప్పుకుని, దాని వెనక పెద్ద తప్పును దాచాను. పైగా నిజాయితీపరుడని మెప్పు పొందాను. ఎవరికి భయపడ్డాను? మేడమ్‌కా, ఇంట్లోవాళ్ళకా, లేక నా భుజం మీద ఆనిన ఆ మూతికా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది, ప్రతిదీ నాకు కాస్త అనుకూలంగానే వస్తుంది, అందుకే ఏదీ నమ్మను.

కలెక్టర్ బతికింది. కానీ అతిగా తింటే గుర్రానికి దెబ్బ పొట్టతో ఆగదట, గిట్టల దాకా దిగుతుందట. ఇప్పటికీ కుంటుతోంది. సుకన్య ఫారానికి రావడం మానేసింది. పశువుల డాక్టరు మాట మళ్ళీ ఎత్తలేదు, డిగ్రీకి బీకామ్‌లో చేరింది. ఇప్పుడిద్దరం వేమగల్‌లో ఒకే ఫ్యాక్టరీలో ఉన్నాం, ఒకే కంపెనీ బస్సు. బస్సెక్కాక కూడా తన ఆఫీసు గది తాళం చూసుకోవడానికి దిగి వెళ్తుంది. ఒక్కోసారి నన్నే అడుగుతుంది: "ఏమప్పా, తాళం వేసినానా? నువ్వు చూసినావా?" నేను రైల్వే స్టేషన్ గొంతుతో "చూసినా" అంటాను. బస్సంతా నవ్వుతుంది. సుకన్య కూడా నవ్వుతుంది.

ఇంతకాలం మోసినవాణ్ణి ఇంకా మోసేవాణ్ణేమో. కానీ ఈ ఆదివారం ఫారంలో కొత్త పిల్లల తరగతులు మొదలు. గొళ్ళెం ఎందుకు ముఖ్యమో సొంత అనుభవంతో చెప్పమని మేడమ్ సుకన్యను అడిగారు. ఒప్పుకుంది. పిల్లలందరి ముందు నిలబడి తను చేయని తప్పును చేశానని చెప్పబోతోంది. బస్సులో నా పక్కనే కూర్చుని ఆ మాటలు సాధన చేస్తోంది, ఎక్కడన్నా ఏడుపొస్తే నన్ను జోకు వేయమంటోంది. నవ్విస్తానని కార్యక్రమం నడిపే పని నాకే ఇచ్చారు. మైకు ఆమెకు అందించాల్సింది నేనే.

నాలుగు రోజులుగా ఫోను మోగితే ఆమేనేమోనని ఉలిక్కిపడుతున్నాను. చెప్తే ఏమంటుంది? తిడితే బాగుండు. ఏమీ అనకుండా మళ్ళీ తన చేతిని చూసుకుంటే? ఆ చదువు, ఆ ఏళ్ళు నేను ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను? క్షమించమని అడగను. అడిగితే ఆమెకు అదింకో పని.

మైకు ఇవ్వక ముందే చెప్పాలి. చెప్పాల్సింది చాలా చిన్నది. ముందు మీ దగ్గర అంటున్నాను, ఏ గొంతూ పెట్టకుండా, నా గొంతుతోనే.

సుకన్యా, ఆ రోజు గొళ్ళెం పడింది. నేను చూసినా. తీసింది నేనే.