రెండు ఫైళ్ల కాపురం

ఆఫీసు కింది అంతస్తులో, మెట్లు దిగగానే ఎడమవైపున్న రికార్డు రూములో ఆమె ఇరవయ్యారేళ్లుగా అటెండరు. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప మరెక్కడా కనబడదు. అందరికీ ఆమె ఫైలక్క. పై అంతస్తుల నుంచి విడివిడిగా వచ్చిన కాగితాలను అందిన వరసలో పేర్చి, అంచులు బల్లమీద టకటకా తట్టి సరిచేసి, ఎడమ మూలన దబ్బనంతో పొడిచి, దారం గుచ్చి ముడి వేసేది. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టగలదు. అట్ట మీది పేరూ అంకే చూసి ఏ బీరువాలో ఏ అరలో పెట్టాలో చెప్పగలదు. వాక్యం ఎదురైతే మాత్రం బిక్కమొహం వేసేది.

ఆ ఏడాది కొత్త ఆఫీసరు వచ్చాడు. వస్తూనే రెండు ఉత్తర్వులు వేశాడు. చిన్న ఇంగ్లీషు పరీక్ష పాసైన అటెండర్లకు రికార్డు అసిస్టెంటు ఉద్యోగం ఇస్తామన్నది మొదటిది. పాత పద్ధతి మానేసి, దారాలన్నీ కత్తిరించి, కాగితాలను ప్లాస్టిక్ పెట్టెల్లో సర్దాలన్నది రెండోది. మొదటిది విని ఆమె మొహం చేటంత అయింది. రెండోది విని అంతలోనే వాడిపోయింది. అది ఎందుకు కూడదో ఆమెకు తెలుసు. అంత చదువుకున్నవాడికి ఎలా చెప్పాలో తెలియలేదు. రోజుకు రెండు ఫైళ్లు మాత్రం, మనసొప్పకపోయినా, కత్తిరిస్తూ కాలం నెట్టుకొచ్చింది.

పరీక్ష కోసం లైబ్రరీలో జరిగే సాయంకాలపు ఇంగ్లీషు క్లాసులో చేరింది. భర్త తాళాలు బాగుచేస్తాడు, పోయిన తాళంచెవులకు మారు చెవులు చేస్తాడు. "నేనూ వస్తాలే. తాళాల డబ్బాల మీద ఏం రాస్తున్నారో నాకూ తెలియాలిగా" అని తోడు బయలుదేరాడు. తీరా చూస్తే ఆమెకంటే ఆయనకే సరదా ఎక్కువైంది.

టీచరు పాతికేళ్ల అమ్మాయి. రెండో వారం అందరికీ ఒక పని పెట్టింది. "మీ పనిలో రోజూ వాడే ఇంగ్లీషు మాట ఒక్కటి రాసుకురండి. దానికి ఎన్ని అర్థాలున్నాయో కూడా చెప్పాలి."

ఇంటికొచ్చి ఇద్దరూ బల్లకు చెరోవైపు కూర్చుని, ఒకరికొకరు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని రాశారు. తర్వాత నోటుబుక్కులు మార్చుకున్నారు. రెండింట్లోనూ ఒకటే మాట. ఫైలు.

"ఇది నా మాటండీ!" అందామె. "ఊరంతా నన్ను పిలిచేదే ఆ పేరుతో."

"నీదెలా అవుతుంది?" ఆయన సంచిలోంచి తాళంచెవులను అరగదీసే ఆకురాయి తీసి బల్లమీద పెట్టాడు. "మా పనివాళ్లెవరినైనా అడుగు, దీన్ని ఫైలనే అంటారు. నీ ఫైలుకి పళ్లున్నాయా?"

"పళ్లు లేవు గానీ దానికి భయపడనివాళ్లు లేరు. మీ ఫైలు చూసి ఎవరైనా లేచి నిలబడతారా?"

అన్నం చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. తగువు తెగలేదు. మర్నాడు క్లాసులో ఇద్దరూ నిలబడి చెరో నోటుబుక్కూ చూపించారు. టీచరు నవ్వాపుకుంటూ దిండంత లావున్న నిఘంటువు తెచ్చి తెరిచింది.

"స్పెల్లింగు ఒకటే గానీ ఇవి రెండు వేరువేరు మాటలు. ఆంటీ, ముందు మీది చెబుతాను. లాటిన్ అని పాత భాష ఒకటుంది. అందులో ఫీలుమ్ అంటే దారం. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. వెనకటి రోజుల్లో కాగితాలు చెదిరిపోకుండా దారానికో తీగకో గుచ్చి ఉంచేవాళ్లు. ఆ దారం పేరే కాగితాల కట్టకి వచ్చింది. మనుషులు ఒకరి వెనక ఒకరు నడిచినా ఫైలే అంటారు, దారంలా సాగుతారు కదా! ఆ బల్బులో ఉండే ఫిలమెంటు కూడా ఈ దారానికి చుట్టమే."

ఆమె కూర్చోవడం మరిచిపోయింది. "దారమా? ఇంకోసారి చెప్పమ్మా." టీచరు మళ్లీ చెప్పింది. ఇరవయ్యారేళ్లుగా తాను రోజూ గుచ్చుతున్నది ఆ మాట అర్థాన్నేనని తెలిసేసరికి ఆమెకు ఒళ్లు పులకరించింది.

"మరి నాది?" అన్నాడు భర్త, కాస్త చిన్నబోయి.

"మీది వేరే వంశం అంకుల్. ఇంగ్లీషువాళ్ల సొంత పాత మాట. ఆంటీ మాట రాకముందే అక్కడుంది. పలికే తీరు మారుతూ మారుతూ రెండూ ఒక్కలా తయారయ్యాయి."

ఆయన మొహం వెలిగింది. "విన్నావా? ఆ ఇంటికి పాతకాపు నేను. నువ్వు తర్వాత వచ్చావు."

"వచ్చాకే కదండీ ఇల్లు చక్కబడింది!" అందామె. క్లాసు క్లాసంతా గొల్లుమంది.

మర్నాడు పొద్దున్నే ఆమె దారం కట్టిన ఫైలొకటీ, ప్లాస్టిక్ పెట్టె ఒకటీ పట్టుకుని ఆఫీసరు గదికి వెళ్లింది. "సార్, ఫైలంటేనే దారమటండీ. దారం తీసేస్తే అవి వట్టి కాగితాలు" అంటూ విన్నదంతా చెప్పింది.

ఆఫీసరు కళ్లజోడు తీశాడు. "అది ఎప్పటి సంగతోనమ్మా. ఇప్పుడు కంప్యూటర్లో కూడా ఫైలంటున్నాం. అక్కడ దారమేదీ?"

"అక్కడ కాగితాలు కింద పడవు కదండీ."

ఆయన ఫైలందుకుని తలకిందులు చేసి గట్టిగా దులిపాడు. ఒక్క కాగితం కదల్లేదు. తర్వాత పెట్టె ఎత్తి వంచాడు. మూత ఊడి, నూట నలభై కాగితాలు ఫ్యాను గాలికి గదంతా పరుచుకున్నాయి. సగానికి పైగా కాగితాల మీద తేదీలే లేవు. ఆయనా ఆమే నేలమీద కూర్చుని వాటిని వరసలో పెట్టేసరికి మధ్యాహ్న భోజనాల వేళ అయింది. నడుం పట్టుకుని లేస్తూ, "ఇక దారాలు కత్తిరించొద్దు. కత్తిరించినవి మళ్లీ కట్టండి" అన్నాడు ఆఫీసరు. ఆ సాయంత్రమే ఆ ఉత్తర్వును కాగితం మీదా పెట్టాడు.

రెండు నెలల తర్వాత పరీక్ష జరిగింది. మీ పని గురించి పది వాక్యాలు రాయండి అన్నారు. ఆమె తొమ్మిదే రాయగలిగింది, మూడింట్లో తప్పులున్నాయి. అయినా పాసైంది. ఇప్పుడామె రికార్డు అసిస్టెంటు. వీపు ఆనించుకునే కుర్చీ వచ్చింది. ఇద్దరు కొత్త గుమాస్తాలు ఆమె దగ్గర ముడి వేయడం నేర్చుకుంటున్నారు. ఇద్దరికీ వేళ్లు గుచ్చుకుంటున్నాయి గానీ పని పట్టుబడుతోంది.

పరీక్ష అయిపోయినా భార్యాభర్తలు క్లాసు మానలేదు. వాళ్ల వాదనలతో పాఠం సాగడం లేదని టీచరు ఇద్దరినీ చెరో బెంచీలో కూర్చోబెట్టింది. దాంతో ఇప్పుడు కాస్త గొంతు పెంచి వాదించుకుంటున్నారు.