బర్రె కోసం దాచిన కుడితి

నిన్న మడికొండలోని మా ఫ్లాటులో బియ్యం కడిగిన నీళ్లు పులిసిన వాసన వస్తే, పాత బకెట్ ఒకటి గుర్తొచ్చింది.

నా ఆరో ఏట మేం ఊరు విడిచి వరంగల్‌కు, మట్టెవాడలోని అద్దె గదికి వచ్చాం. సామాన్ల బండిలో మా బర్రె లేదు.

"వెనక బండిల వస్తది బిడ్డా" అంది అమ్మ.

దానికోసం రోజూ ఆ బకెట్లో కుడితి పోసి గుమ్మం దగ్గర పెట్టేదాన్ని. ఒకరోజు ఇంటి ఓనరమ్మ వాసన వస్తోందని కోప్పడింది. అమ్మ కుడితిని మోరీలో గుమ్మరించి, అక్కడే కూలబడి ఏడ్చింది. బర్రె ఇంకా రాలేదని ఏడుస్తోందనుకున్నాను.

"ఏడ్వకే అమ్మా, రేపొస్తది."

"వస్తది తియ్" అంటూ నన్ను దగ్గరికి తీసుకుంది.

చాలా ఏళ్లకు నాయిన చెప్పాడు. కొన్నవాళ్లు ఎంత తోలినా బర్రె కదలకపోతే, పగ్గం పట్టుకుని వాళ్ల కొట్టం దాకా నడిపించి, కట్టేసి వచ్చింది అమ్మేనట.