దేవుడి కుండ

ఎనిమిదేళ్ల వయసులో దేవుడితో బేరమాడి గెలిచినదాన్ని నేను. మొన్న మా మనవరాలు బియ్యం డబ్బాలో బుల్లి పిడికిలి ముంచితే ఆ గెలుపు గుర్తొచ్చింది.

గురజాల బజారులో మాది ఉప్పు, మిరపకాయల కొట్టు. సాగర్ కాలవలు ఇంకా రాని రోజులు. వానల్లేని ఆ ఏడు కొట్టుకొచ్చేవాళ్లే లేరు. సంగటికి జొన్నలు తీసినప్పుడల్లా అమ్మ ముందుగా ఒక పిడికెడు దేవుడి కుండలో వేసేది. ఆదివారం అవి లేనివాళ్ల కోసం చర్చికి పోయేవి. ఇంట్లో తమ్ముడు ఆకలికి ఏడుస్తుంటే నాకు ఒళ్లు మండింది.

"ఇక నుంచి నేనేస్తానే అమ్మా" అన్నాను. నా పిడికిలి అమ్మదాంట్లో సగం. మిగిలింది తమ్ముడి కంచంలోకి.

శనివారం సాయంత్రం అమ్మ కుండ ఎత్తి ఆగిపోయింది.

"ఏమే, ఇంత తేలిగ్గా ఉందేంది?"

పిడికిలి బిగించి చూపించాను. "పూటపూటా వేశానే. నా పిడికిలి ఇంతే కదా!"

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. బిగుసుకున్న నా వేళ్లు ఒక్కొక్కటే విప్పింది.

"నీ పిడికిలితోనే వెయ్యి. కరువని ఒక్క పూట కూడా మానబాకు. చెయ్యి అదే పెరుగుద్ది."

గెలిచాననుకున్నాను. అమ్మ పోయాక కూడా ఏ పూటా మానలేదు. నిజం లెక్క చెప్పాలంటే, ఇల్లు గడవని నెలల్లో ఈ వేళ్లు ఇప్పటికీ వాటంతటవే బిగుసుకుంటాయి. చెయ్యి అమ్మ చేతంత అయింది. వేళ్లు వదులు చేసుకోవడం ఇంకా బాకీ.