భాయ్ ఎగరేసిన బంతి

ఆ రోజుల్లో నా కుడిచేతి మీద నాకున్న నమ్మకం, ఈ రోజుల్లో నా మీద మా ఆవిడకి కూడా లేదు. దోహా వచ్చిన కొత్త. శుక్రవారం వస్తే చాలు, అల్ అజీజియాలో మా కంపెనీ వాళ్ళమంతా చేరి క్రికెట్ ఆడేవాళ్ళం. ఓ సాయంత్రం బౌండరీ దగ్గర్నుంచి నేను విసిరిన బంతి నేరుగా వెళ్ళి వికెట్లు లేపేసింది. అటుగా వెళ్తున్న మా సేఫ్టీ మేనేజరు (తాటిచెట్టంత అమెరికన్, నవ్వడం ఆయన డ్యూటీలో లేదు) ఆగి, నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వే నా క్వార్టర్‌బ్యాక్" అన్నాడు. అదేదో ప్రమోషన్ కాబోలనుకుని థాంక్యూ చెప్పేశాను.

తీరా చూస్తే ఆయన కంపెనీలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పెడుతున్నాడు, కోచ్ కూడా ఆయనే. మీదపడి కుమ్ముకునే రకం కాదు, నడుముకి రంగు పీలికలు కట్టుకుని ఆడే రకం. బంతి చేతిలో ఉన్నవాడి పీలిక అవతలివాళ్ళు లాగేస్తే ఆట అక్కడితో ఆగిపోతుంది, బంతి నేలని తాకినా అంతే. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి ఎవరికి విసరాలో క్షణంలో తేల్చుకుని విసిరేవాడు, ఓడిపోతే అందరికంటే ముందు తిట్లు తినేవాడు. ఆ సీజనంతా నేను తిట్లతోనే కడుపు నింపుకున్నాను. ఎందుకంటే నేను విసిరేది ఎక్కువగా జగిత్యాల భాయ్‌కి (స్టోర్స్‌లో పనిచేసేవాడు, మా అందరికీ ఆ పేరుతోనే తెలుసు). గాల్లో ఏది ఎగిరినా పట్టేస్తాడు గానీ, పట్టాక మైదానం చివరి గీత దాటితేనే పాయింట్లని, అందాకా పరిగెత్తాలన్న సంగతి మర్చిపోతాడు. "పట్టిన గదా! అవుటయినంక ఇంక ఉరుకుడెందుకు భాయ్?" అనేవాడు. కోచ్ తల పట్టుకునేవాడు.

ఆఖరి మ్యాచ్ హెడ్డాఫీసు వాళ్ళతో. అప్పటికి మేం ఒక్కటంటే ఒక్కటీ గెలవలేదు. కోచ్ కాంట్రాక్టు అయిపోయింది, మర్నాడే ప్రయాణం. ఓటమి తప్ప ఇంకేమీ చూపించకుండా ఆయన్ని విమానం ఎక్కిస్తామా అని నాకు ఒకటే దిగులు. "గెలుస్తం తియ్. నువ్వు ఇసురు, నేను పడ్త. యల్లా!" అన్నాడు భాయ్. ఐన్ ఖాలిద్ నుంచి మా అక్కా బావా పిల్లలతో సహా దిగారు. బావ గీత పక్కనే మడతకుర్చీ వేసుకుని, "ఏరా బామ్మర్దీ, ఇదేం బంతిరా, పీచు తీసిన కొబ్బరికాయలా ఉంది! కొట్టుకు తింటారేంటి?" అని ఒకటే వేళాకోళం.

చివరి నిమిషం. మేం వెనకబడి ఉన్నాం. ఇంకొక్క ఎత్తు మాత్రమే మిగిలింది. బంతి నా చేతికొచ్చింది, హెడ్డాఫీసు వాళ్ళు మీదికొచ్చేస్తున్నారు, దూరంగా భాయ్ చెయ్యి కనపడింది. దేవుడా అనుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరాను. అబ్బ, ఏం ఎగిరాడండీ భాయ్! ఇద్దరి నెత్తిమీంచి ఒంటిచేత్తో అందుకున్నాడు. గీత ఇంకా కాస్త దూరంలోనే ఉంది. పరిగెత్తాలా? మా భాయ్ వెనక్కి తిరిగి, "క్యాచ్!" అని ఒక్క కేక పెట్టి, క్రికెట్లోలాగా బంతిని మావైపు ఆకాశంలోకి ఎగరేశాడు. ఆ తర్వాత ఎవడో వాడి పీలిక లాగాడు గానీ, అప్పటికి వాడి చేతిలో బంతి ఎక్కడిది? "నో! నో!" అని కోచ్ గొంతు పగిలేలా అరిచాడు.

నాకది వినపడితేగా! అంత క్యాచ్ పడితే క్రికెట్ ఆడేవాడు ఏం చేస్తాడు? చేతులు చాచుకుని భాయ్‌ని వాటేసుకోవడానికి పిచ్చిపరుగు తీస్తున్నాను. ఆ చాచిన చేతుల్లోకే, పైనుంచి, బంతి వచ్చి పడింది. "ఒరేయ్ పరిగెత్తరా! గీత దాటరా!" అని బావ కుర్చీ ఎక్కి కేకలు. దాటేశాను! భాయ్ కూడా నా మెడ పట్టుకు వేలాడుతూ దాటేశాడు. బంతి నేలని తాకలేదు, వెనక్కి వేయడం తప్పూ కాదు. రిఫరీ కాసేపు ఆలోచించి రెండు చేతులూ పైకెత్తాడు. గెలిచాం!

కోచ్ నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "ఇది నేను నేర్పింది కాదు. నువ్వు వెనకాల ఉండాల్సినవాడివి. అక్కడికెందుకు పరిగెత్తావు?"

"భాయ్ క్యాచ్ పట్టాడు కదా సార్... వాటేసుకుందామని."

ఆయన భాయ్ వంక చూశాడు, నా వంక చూశాడు. ఆ తాటిచెట్టు పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుని, మా ఇద్దర్నీ కలిపి ఎముకలు విరిగేలా కావిలించుకుంది.

ఆ గెలుపు పుణ్యమా అని జట్టు నిలిచింది. ఇప్పుడు కోచ్‌ని నేనే (పొట్ట కూడా నాదే). కొత్త కుర్రాళ్ళు ఆ ఎత్తు నేర్పమని ప్రాణం తీస్తారు. బోర్డు మీద బొమ్మ గీసి మరీ నేర్పుతాను. ఒకడు పట్టి వెనక్కి ఎగరేస్తాడు, ఇంకొకడు బంతి మీదే కళ్ళు పెట్టుకుని వస్తాడు, ప్రతిసారీ ఒక్క అడుగు ఆలస్యం. "మీకెలా కుదిరింది సార్?" అని అడుగుతారు. "ప్రాక్టీసురా, ప్రాక్టీసు!" అని గంభీరంగా ఈల ఊదుతాను. బంతి ఊసే మర్చిపోయి, స్నేహితుడి కోసం చేతులు చాచుకుని పరిగెత్తిన ఆ వెర్రివాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాణ్ణి చూస్తే కాస్త కుళ్ళుగా కూడా ఉంటుంది.