మూడో మంచం నాడి

వైద్య పరికరాల కంపెనీలో సీనియర్ సర్వీస్ ఇంజనీరుగా నన్ను నిజామాబాద్ కేంద్రానికి బదిలీ చేసిన రెండో ఏడాది, చెరకు కోతలు ముమ్మరంగా సాగుతున్న చలికాలంలో, బోధన్ రోడ్డులోని ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది. ఖాళీ మంచానికి నాడి కొట్టుకుంటోందని డాక్టరుగారు ఫోన్‌లో చెప్పారు. ఏదో వైరు వదులై ఉంటుందనుకుని, చెరకు ట్రాక్టర్ల వెనకాల విసుక్కుంటూ మధ్యాహ్నానికి చేరాను.

అది నాలుగు మంచాల గుండె వార్డు. ప్రతి మంచం పక్కన తెర లేని చిన్న డబ్బా ఉంటుంది. రోగి ఛాతీకి అతికించిన వైర్ల ద్వారా అది నాడి వేగాన్ని పట్టి, నర్సుల బల్ల మీది కంప్యూటరుకు పంపుతుంది. నాలుగు మంచాల అంకెలూ ఆ ఒక్క తెర మీదే చూసుకోవాలి.

మొదటి మంచంలో ఒక బడి పంతులు. రెండో మంచంలో రెంజల్ నుంచి వచ్చిన సాయవ్వ. బీడీలు చుడుతూ చుడుతూనే కళ్లు తిరిగి పడిపోతోందని కూతురు గంగామణి తీసుకొచ్చి చేర్పించింది. మిగతా రెండూ ఖాళీ. మూడో మంచం మీద ఆ వారంలోనే ఒక లారీ క్లీనరు చనిపోయాడు. మనిషి పోయిన మంచాన్ని కొన్నాళ్లు ఎవరికీ ఇవ్వకపోవడం అక్కడి అలవాటు. ఇచ్చినా ఎవరూ పడుకోరు. తెర మీద మాత్రం ఆ మంచానికి డెబ్బై దగ్గర అంకె ఆడుతోంది. ఎదురుగా మాట్లాడుతున్న సాయవ్వకేమో సున్నా!

"నేను ప్రార్థన గూడ చేసిన సార్. గాయన ఇంక పోలేదేమోనని భయమైతున్నది," అంది నర్సు రూతమ్మ.

గంగామణికి భయం కన్నా కోపం ఎక్కువగా ఉంది. "మా అవ్వ నాతోని ముచ్చట పెడుతనే ఉన్నది. మీ డబ్బకేమో మనిషే లేదట!"

సున్నాకు అలారం ఆగకుండా మోగుతోందని రెండో మంచానిది ఆపేశారు. ఖాళీదే కదా అని మూడోదీ ఆపేశారు. రూతమ్మ అప్పుడప్పుడూ వచ్చి చెయ్యి పట్టి చూడటం తప్ప సాయవ్వ గుండెకు వేరే కాపలా లేదు.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. మూడో మంచం డబ్బా వైరును గోడ నుంచి పీకేశాను. అంకె పోలేదు. పీకిన వైరు చేతిలో పట్టుకుని తెర వైపు చూస్తుంటే నాకూ భయం వేసింది. దాచడమెందుకు?

ఇంతలో గంగామణి తల్లికి చాయ్ తాగించడానికి లేపి కూర్చోబెట్టింది. ఖాళీ మంచం అంకె ఎగిరింది. సాయవ్వ వెనక్కి వాలాక మెల్లగా దిగింది. మరోసారి లేపమన్నాను. మళ్లీ ఎగిరింది.

కంప్యూటరు ఎప్పుడు మార్చారని అడిగాను. క్లీనరు పోయిన మరునాడేనట. అప్పుడు సంగతి అర్థమైంది. ఆపరేటింగ్ సిస్టంలో పరికరాలతో నేరుగా మాట్లాడే లోపలి భాగాన్ని కెర్నెల్ అంటారు. డబ్బాల నుంచి అంకెలు అందుకునేది అదే. వాటిని తెర మీద చూపేది మామూలు ప్రోగ్రాం. కొత్త కంప్యూటరులోని కెర్నెల్ అరవై నాలుగు బిట్లది. ఒక్కో అంకెను ఎనిమిది బైట్లలో, అంటే ఎనిమిది అరల్లో పెడుతుంది. ప్రోగ్రాం పాత ముప్పై రెండు బిట్లది కాబట్టి మంచానికి నాలుగు అరలే లెక్క వేసుకుంటుంది. నాడి చిన్న అంకె, మొదటి నాలుగు అరల్లోనే సర్దుకుంటుంది, తర్వాతి నాలుగూ సున్నాలే. పంతులుగారి అంకె వెనకున్న ఆ సున్నాలను ప్రోగ్రాం సాయవ్వ నాడి అనుకుంది. ఆ తర్వాతి నాలుగు అరల్లో ఉన్న ఆమె అసలు నాడిని తీసుకెళ్లి మూడో మంచానికి చూపుతోంది.

ఇది రూతమ్మకు చెబుతుండగానే ఆ అంకె యాభైకి, నలభైకి పడిపోయింది. ఆమె ఖాళీ మంచం వైపు చూస్తూ బిగుసుకుపోయింది.

"అటు కాదు సిస్టర్, సాయవ్వను చూడండి!" అని అరిచాను.

"ఇప్పుడే కన్ను మలిగింది, లేపకుండ్రి," అంది గంగామణి.

లేపినా ఆమె లేవలేదు. డాక్టరుగారు పరుగున వచ్చి ఇంజెక్షను ఇచ్చారు. అందరం రెండో మంచం చుట్టూ నిలబడి, మూడో మంచం అంకె ఎప్పుడు పెరుగుతుందా అని తెర వైపే చూశాం. గంగామణి తల్లి పాదాలు వదలలేదు. చివరికి అంకె కదిలింది. కాసేపటికి సాయవ్వ కళ్లు తెరిచి నీళ్లడిగింది. మరునాడు పేస్‌మేకర్ పెట్టించడానికి నిజామాబాద్ పంపారు. బతికింది.

ఆమెను పంపే లోపే మా ఆఫీసు నుంచి సరిచేసిన ప్రోగ్రాం తెప్పించాను. అందులో ఒక్కో అంకెకు ఎనిమిది అరలని రాయించాం. దాన్ని ఎక్కించగానే సాయవ్వ నాడి సాయవ్వ మంచానికి వచ్చింది. మూడో మంచం అంకె మా కళ్ల ముందే సున్నా అయింది. రూతమ్మ తల వంచుకుని, "ఇగ పోయిండు," అంది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఒక పద్ధతి పాటించాను. కంప్యూటరు మార్చిన చోటల్లా కెర్నెల్ ఎన్ని అరల్లో రాస్తోందో, ప్రోగ్రాం ఎన్ని చదువుతోందో చూడకుండా సర్వీసు రిపోర్టు మీద సంతకం పెట్టలేదు. ఖాళీ మంచానికి అంకె కనబడిందని ఫోన్ వస్తే, ముందు పక్క మంచంలో మనిషిని చూడమని చెప్పి, ఆ తర్వాతే బయలుదేరేవాణ్ణి.