పిరానా నోట్లో పల్లికాయ

పంజగుట్ట ఫుట్‌పాత్ మీద గాజు గిన్నెల్లో బంగారు చేపలు అమ్మే విజయేందర్ ఒకప్పుడు చాలా ఆఫీసుల్లో అక్వేరియాలు చూసుకునేవాడు. తొట్లు కడగడం, నీళ్ళు మార్చడం, చేపల్ని బతికించడం అతని పని. రామకృష్ణ అతని పార్ట్‌నర్.

ఒక రోజు లక్డీకాపూల్‌లో ఒక హోటల్ తొట్టిలో చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ముందురోజు దాన్ని కడిగింది రామకృష్ణ. నీళ్ళలో బ్లీచింగ్ వాసన ఇంకా పోలేదు. అయినా యజమాని ముందు నిలబడి అతను, "మా విజయేందర్ చేతి గుణమే అంత సార్" అన్నాడు. ఆ మాట ఆఫీసు నుంచి ఆఫీసుకు పాకింది. తొట్లన్నీ రామకృష్ణకు పోయాయి. చేపల్ని చంపేవాడన్న పేరు విజయేందర్‌కు మిగిలింది.

ఇలాంటివి కాలం మాన్పుతుందని పుస్తకాలు చెబుతాయి. విజయేందర్ పుస్తకాలు చదవలేదు. అతనికి అన్నీ గుర్తున్నాయి.

2007లో అతని అన్న కూతురు నవీన అమీర్‌పేటలో జావా నేర్చుకుంటోంది. ఒక సాయంత్రం బస్సు దిగి నేరుగా అతని దగ్గరికి వచ్చింది.

"చిన్నాయనా, మా ఇన్‌స్టిట్యూట్ల పిరానా పెట్టిన్రు. వేలు పెడితే ఎముకే మిగుల్తదంట."

"ఎవడు తెచ్చిండు?"

"రామకృష్ణ అంకుల్."

మర్నాడు నవీనను తీసుకుపోయే నెపంతో అతను అక్కడికి వెళ్ళాడు. రిసెప్షన్‌లో పెద్ద తొట్టి, అందులో ఒంటరిగా ఒకే చేప. పళ్ళెంలా గుండ్రని ఒళ్ళు, వెండి పొలుసులు, ఎర్ర పొట్ట. అందరూ ఆ ఎరుపునే చూస్తున్నారు. విజయేందర్ మాత్రం దవడ చూశాడు. పిరానాకు కింది దవడ ముందుకు పొడుచుకొస్తుంది, కయ్యానికి దిగినవాడి గడ్డంలా. దీనికి రెండు దవడలూ సమంగా ఉన్నాయి. కానీ చేప చిన్నది, పెరిగేకొద్దీ మారొచ్చు. తను పొరపాటు చెబితే రామకృష్ణ ఇంకో పదేళ్ళు నవ్వుకుంటాడు. అందుకే నోరు మూసుకుని వచ్చేశాడు.

ఆ తర్వాత నెలల తరబడి వెళ్తూనే ఉన్నాడు. చేప చేటంత అయింది. గడ్డం ముందుకు రాలేదు. ఒకసారి అది గాజుకు మూతి ఆనించి నోరు తెరిచింది. లోపల రంపం లేదు. మనిషి పళ్ళలాంటి చదును పళ్ళు, వరుసగా. ఆ రాత్రి అతను కడుపునిండా తిన్నాడని నవీన చెప్పింది.

ఇన్‌స్టిట్యూట్ యజమాని రవికాంత్ చెవిలో ఒక మాట వేస్తే పని అయిపోయేది. కానీ విజయేందర్‌కు కావలసింది అది కాదు. తన పేరు నలుగురిలో పోయింది, వాడిదీ నలుగురిలోనే పోవాలి.

ప్రతి కొత్త బ్యాచ్‌కూ శనివారం ఉచిత డెమో. ఆ రోజు రామకృష్ణ వచ్చి మాంసం ముక్కలు వేస్తే చేప ఎగబడి తినేది, కుర్రాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. "మార్కెట్ కూడా ఇంతేనండీ, పళ్ళున్నవాడే బతుకుతాడు" అనేవాడు రవికాంత్. చేయని ఉద్యోగాన్ని చేసినట్టు రెజ్యూమేలో రాయించే చోట ఆ మాటకు మంచి గిరాకీ.

అలాంటి ఒక శనివారం విజయేందర్ జేబులో పల్లికాయలు వేసుకుని వెళ్ళాడు.

"ఏంది భాయ్, దీన్ని సుత చంపనీకొచ్చినవా?" అన్నాడు రామకృష్ణ, అందరికీ వినపడేలా.

"లే అన్నా. ఆకలైతున్నట్టుంది, జర తినిపిద్దామని."

మూత జరిపి పొట్టుతో సహా ఒక పల్లికాయ నీళ్ళలో వేశాడు. చేప పైకొచ్చి అందుకుంది. గాజు బయటికి కూడా వినపడేలా కటుక్కుమంది. పొట్టు ముక్కలు పైకి తేలాయి. ఇంకోటి వేశాడు. మళ్ళీ కటుక్కు.

"ఇదేంటండీ రామకృష్ణగారూ, పిరానా పల్లీలు తింటుందా?" అన్నాడు రవికాంత్.

"ఆకలైతే ఏదైనా తింటది సార్."

అప్పుడు వెనక వరుసలోంచి భీమవరం కుర్రాడొకడు లేచాడు. "సార్, ఇది రూప్‌చంద్ అండి. మా వైపు చెరువుల్లో పెంచుతారు. ఆదివారం మన హాస్టల్లో పులుసు దీంతోనేనండి."

"అందుకేనారా సోమవారం కరిచేస్తున్నావు?" అన్నాడు పక్కవాడు. హాలంతా నవ్వు. రవికాంత్ మాత్రం నవ్వలేదు.

విజయేందర్ చేప మీద నుంచి కళ్ళు తిప్పి రామకృష్ణను చూశాడు. "రామకృష్ణ, గిది మంచిగ బతికి ఉన్నది. ఆ లక్డీకాపూల్ తొట్టిల ఏం పోసినవో గిప్పుడు చెప్పు. అందరున్నరు, చెప్పు."

రామకృష్ణ మాంసం డబ్బా అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయాడు. విజయేందర్ మెట్ల దాకా వెంట నడిచి, కింద బండి స్టార్ట్ అయ్యేదాకా అదే ప్రశ్న అడుగుతూ నిలబడ్డాడు.

పరువు తీసిన చేపను కళ్ళముందు ఉంచొద్దన్నాడు రవికాంత్. విజయేందర్ బకెట్లో వేసుకుని పంజగుట్ట తెచ్చాడు. ఉన్నవాటిలో పెద్ద తొట్టి దానికిచ్చి రోడ్డు వైపు పెట్టాడు. ఎవరైనా ఆగి, ఇదేం చేప అని అడిగితే, "రామకృష్ణ" అంటాడు. "చూస్తే పిరానా లెక్కుంటడు. చూడున్రి." పల్లికాయ వేస్తాడు. కటుక్కుమంటుంది. కథ మొత్తం చెబుతాడు, హోటల్ తొట్టితో మొదలుపెట్టి.

రామకృష్ణ ఇప్పుడు ఆ రోడ్డు తప్పించి, గల్లీల్లోంచి చుట్టు తిరిగి పోతున్నాడట. ఆ సంగతి విన్నరోజు విజయేందర్ తొట్టి నీళ్ళు మార్చి, చేపకు రెండు పల్లికాయలు ఎక్కువ వేశాడు.

"ఈ జాతి మస్తు ఏండ్లు బతుకుతదంట" అన్నాడు, తొట్టి చూసి ఆగిన నాతో, చేయి తుడుచుకుంటూ. "బతకనీ. నేను చావనియ్య."